పోలినాయుని కారు కుడిదీపము

మార్గశిరమాసము సగము గడచినది. పడమటి కొండల నడుములనుండి రాత్రియెల్ల జాఱివచ్చిన పొగమంచు వేగవతీనదీ సైకతస్థలములను గప్పి తాటిచెట్ల మొదళ్ళను మ్రింగి సాలూరు పట్టణపు లారీషెడ్ల రేకులమీద బిందువులుగా గరగి చూరునుండి యొక్కొక్కటిగా రాలుచుండెను. ప్రాచీముఖమున దోచిన భానుబింబము కాగి చల్లారిన పాలమీద దేలు మీగడతునకవలె తేజోహీనమై యుండెనే కాని యొక్కని వీపునైనను వెచ్చజేయ సమర్థము గాకుండెను. ఉన్నిటోపీలు చెవులమీదికి లాగికొనిన డ్రైవర్లు టీదుకాణమునొద్ద గాజుగ్లాసులను రెండుచేతుల బొదివిపట్టుకొని తాము కోరునది తేనీరో దాని వేడిమియో తమకే తెలియనివారై నిలిచియుండిరి. ఆదివారమగుటచే దొందర యెవ్వనికిని లేదు. ఒక్కనికి మాత్రము కలదు.

ఆ యొక్కడు లెంక పోలినాయుడు. వీధి కొసను రేకులవసారా ముందు నిలిచియున్న తెల్లకారు అతనిది. ఎండలకు వెలసి వానలకు దడిసి కొండదుమ్మును గంధమువలె బూసికొని తన తెలుపు తనకే జ్ఞాపకము లేని యా శకటరాజమునకు ముందుభాగమున రెండు దీపములు కలవు. వానిలో నెడమది వయోధర్మముచే నించుక పసుపువన్నె దాల్చినను చూపు చెడలేదు. కుడిది యట్లు గాదు. పూర్వమొకనాడు సంతవీధిలో వెదురుబొంగుల బండి యొకటి దాని నొరసికొనిపోవుటచే దానిపై గీతలు పడెను. ఆ గీతలలో దుమ్ము చేరెను. ఆ దుమ్ముమీద నెండ గాచెను. తుదకు దాని ప్లాస్టిక్కు ముఖమంతయు బేరిన నేతివలె మసకలుగట్టి లోపలి బల్బు వెలుగుచున్నదో లేదో మోకాళ్ళమీద వంగి చూచినగాని తెలియని దశకు వచ్చెను.

పోలినాయుని బ్రదుకంతయు నొక్క త్రోవమీద నడుచుచుండెను. కొండమీది యాశ్రమపాఠశాలలో బోధించు పంతులమ్మలను దినదినమును దెల్లవాఱకమున్నె బైపాసు కూడలియొద్ద నెక్కించుకొని ఘాటుత్రోవను మీదికి గొనిపోయి సంధ్యవేళకు మరల దిగువకు జేర్చుట యతని వృత్తి. తక్కిన కిరాయిలన్నియు నెన్నడో పోయినవి. పెండ్లిండ్లకు బెద్దకార్లు వచ్చినవి. తీర్థయాత్రలకు బోవువారు ఫోనుమీద వ్రేలు గదల్చినంతనే కారు గుమ్మములోనికి వచ్చుచున్నది. బడి మానిపించి చిన్ననాడే లారీ క్లీనరుగా నెక్కించిన తండ్రి పుణ్యమున స్టీరింగు త్రిప్పుట దప్ప వేఱొండు విద్య యెఱుగని యా మనుష్యునకు లోకములో మిగిలిన యాధారము ఆ పంతులమ్మలే.

గడచిన వారమున నొక వేకువను ఘాటులో వంకరమలుపు కడ మంచు దట్టమై కుడిదీపము చూపింపవలసిన రాతిగట్టు కానరాకపోవుటచే జక్రము దానిని దాకెను. గట్టురాయి యొకటి యూడి లోయలోనికి దొర్లెను. కారు నిలిచెను. లోపలివారందఱు నూపిరి బిగబట్టి యా రాయి చెట్లను విఱుచుచు గ్రిందికి గ్రిందికి బోవు సద్దును వినుచు గూర్చుండిరి. అది యెంతకును దుదముట్టలేదు. ఆ సాయంకాలము దిగువకు వచ్చినపిదప బ్రధానోపాధ్యాయిని కుసుమకుమారి కారు దిగియు బోక తలుపు పట్టుకొని నెమ్మదిగా బలికెను.

“నాయుడు గారూ, మా ఇళ్ళలో పిల్లలున్నారండీ. సోమవారానికి ఆ లైటు బాగుచేయించండి. లేకపోతే మేం హేమసుందర్‌తో మాట్లాడుకుంటాం. ఏమీ అనుకోకండి.”

ఏమియు ననుకొనవలదని చెప్పువారు అవతలివాని నోటికి దాళమువైచి తాళపుచెవిని దమ సంచిలో వైచుకొని పోవుదురు. పోలినాయుడు “అలగేనండి మేడంగోరూ” అని మాత్రము అనగలిగెను. హేమసుందరు డనువాడు పట్టణపు కార్ల స్టాండులోనివాడే. క్రొత్తకారు గలవాడు. వాని దీపములు మధ్యాహ్నమున వెలిగించినను ఎదుటివాని కన్నులు చిట్లింపజేయునట్టివి.

క్రొత్తదీపము గొని బిగించిన సరిపోవుగదా యని చదువరు లనవచ్చును. పోలినాయుడును అట్లే యనుకొని విజయనగరమునకు బోయి యంగడి యంగడియు దిరిగెను. ఒకడు “ఆ మోడలాగిపోయింది బాబూ” అనెను. ఇంకొకడు ఆ కారు పేరు విని నవ్వెను. పాతయినుము దుకాణమున నట్టికారే యొకటి గడ్డిలో బడియుండగా నతడు ప్రాణము లేచివచ్చినవాడై పరుగెత్తెను గాని దాని ముఖము లారీక్రింద నలిగినది కాబోలు కుడియెడమల రెండును గుంతలై యుండెను. వస్తువును జేసినవారు దానిని మఱచిపోయి క్రొత్తదానికి బేరు పెట్టుకొని కాలముగడుపుదురు. కొనినవానికి మఱచు భాగ్యము లేదు. చీకటిపడువేళకు బస్సెక్కబోవుచు నతడొక రంగుల దుకాణము కడ నిలిచి తన గోడు చెప్పుకొనగా నా దుకాణదారు వాటరు పేపరని పెయింటర్లు పిలుచు గరుకుకాగితములను, పాలిష్ పేస్టును, క్లియరను పారదర్శకమైన పైపూత డబ్బా నొకదానిని మూటగట్టి యిచ్చి తడిపి రుద్దుము తుడిచి పాలిష్ పెట్టుము పైన గ్లియరు గొట్టుము అని యుపదేశించి పంపెను. ఆ మూటయే యాతని పెన్నిధి యయ్యెను.

ఆదివార ముదయమున బోలినాయుడు పీటవైచికొని కారు ముందు గూర్చుండెను. మూట విప్పుటకు భయపడి తొలుత నెవ్వడో ఫోనులో జూపిన చిట్కాను నమ్మి పండ్లు తోముకొను పేస్టును పాతబ్రష్షుమీద వైచికొని దీపమును దోమనారంభించెను. ఎదురింటి యరుగుమీద గంబళి కప్పుకొని కూర్చున్న కూర్మయ్య దీనిని జూచెను. అతడు లారీనడిపి నడిపి నడుము పడిపోయి యింట గూర్చున్న వృద్ధుడు. పోలినాయునికి వరుసకు బావ. పనిలేనివానికి బరిహాసమే పని.

“ఏటి బావా, కారుకి పళ్ళు తోమతన్నావేటి? పుక్కిలించమను మరి. మాయింటేపు ఊసీగలదు, జాగర్త!”

“నీకు మిగిలినయి కూడా తోమీమంటావేటి? ఇలగ రా. పేస్టున్నాది.”

“నాకెందుకురా? నానేటి పంతులమ్మల్ని ఎక్కించుకెల్లాలా?”

వాకిట జీపురుపట్టిన పోలినాయుని భార్య ఆదెమ్మ పమిటచెఱగు నోటికడ్డముపెట్టుకొని నవ్వెను. పోలినాయుడును నవ్వెను. ఆ వారమంతటిలో నతడు నవ్వుట యదియే మొదలు. కాని నురుగు కడిగి చూడగా దీపము పుదీనావాసన గొట్టుచు మునుపటి మసకతోనే యుండెను.

అంతట నతడు మూట విప్పి గరుకుకాగితమును నీట నానవైచి బొటనవ్రేలితో నదిమిపట్టి రుద్దసాగెను. ఆదెమ్మ ప్రక్కన గూర్చుండి చెంబుతో సన్నధారగా నీరు పోయుచుండెను. పసుపురంగు జిడ్డు తొలుత దిగెను. దాని వెంబడి మఱియేదియో తెల్లనిది దిగెను. చూచుచుండగానే యా దీపముఖమంతయు సున్నముగొట్టిన గోడవలె దెల్లబాఱి మునుపు మసకగనైనను గానవచ్చిన లోపలి బల్బును బూర్తిగా మఱుగుపఱచెను. ఆదెమ్మ చేతిచెంబు నేలబెట్టెను.

“ఓలమ్మో! ఉన్న సూపు కూడా తీసీసినావు కదా మావా! మరి రేపటికేటి సేస్తావు?”

“అలగే అవుద్దంట. ముందు తెల్లబడి, అప్పుడు తేరుకుంటాదని షాపోడు సెప్పినాడు.”

“షాపోడు కొండెక్కుతాడేటి?”

పోలినాయుడు కాగితమును మరల నీట ముంచెను. ఆ ప్రశ్న యంతకుమున్నె యతనికిని దోచియుండెను. చేసినదానిని వెనుకకు ద్రిప్పు దారి లేదు. ముందునకు బోవుదారి మంచిదో చెడ్డదో తెలియదు. చేతిలోని కాగితము మాత్రము కదలుచుండవలెను. అతడు మఱింత నునుపైన కాగితమును దీసికొని రుద్దెను. దానికంటె నునుపైనదానితో రుద్దెను. మంచు విడిచి యెండవచ్చి యతని మెడపై గాలుచుండెను. వ్రేళ్ళచివరలు నీటనాని ముడుతలుపడి తెల్లనైనవి. ఆదెమ్మ నీరు పోయుచునేయుండెను. అన్నము చల్లారిపోవుచున్నదని యామెయును జెప్పలేదు. ఆకలియగుచున్నదని యతడును జెప్పలేదు.

పిమ్మట నతడు పాతబనియనుగుడ్డమీద బాలిష్ పేస్టును వైచికొని గుండ్రముగా ద్రిప్పుచు రుద్దెను. మొదట నేమియు గానరాలేదు. రుద్దగా రుద్దగా నా తెల్లదనము నడుమ నాణెమంత స్థలము దేరెను. అది యరచేయియంత యయ్యెను. శరత్కాలమున వెల్లువదీసిన యేటినీరు తేటపడి యడుగుననున్న గులకరాళ్ళను జూపునట్లు ఆ దీపము తన యంతర్భాగమునందలి వెండిగిన్నెవంటి యద్దమును బల్బును దానివెనుకనున్న సన్నతీగను గూడ జూపెను. పోలినాయుడు గుడ్డ విడిచి వెనుకకు జరిగి నేలమీదనే చతికిలబడి దానిని చూచుచుండెను. పండ్రెండేండ్లు కొండలమీద దిరిగిన కన్ను క్రొత్తకన్నై తనవంక జూచినట్లు తోచెను.

కూర్మయ్య యరుగు దిగి నడుముపట్టుకొని వచ్చి వంగిచూచి కేకవైచెను.

“ఓరి బావో! పులికన్నునాగ ఉన్నాదిరా! ఈ ఈదిలో ఇలాటి లైటు ఎవులికున్నాది? హేమసుందరుగాడొచ్చి నీ కాళ్ళట్టుకోవాల!”

ఆ కేకకు వీధిలో బోవువారు నిలిచిరి. కుళాయికడ బిందెలతో నున్న స్త్రీలు వచ్చి చూచిరి. ఒకతె “కొత్తదే కొన్నారేటి పిన్నీ?” అని యాదెమ్మ నడిగెను. మఱియొకతె “అదృష్టం మీది” అనెను. పొగడ్తలు వినుకొలది పోలినాయుని ముఖము వికసించుచుండెను. ఆదెమ్మ ముఖము ముకుళించుచుండెను. దానిని జూచినవారు లేరు.

పోలినాయుడు క్లియరు డబ్బాను గలకలాడించి దూరమునుండి పొగవలె దీపముపై జల్లెను. తడిమెఱుగు దానినిండ బరచుకొనెను. ఘాటైన తీపివాసన వాకిలియంతయు నిండెను. డబ్బా క్రిందబెట్టి యతడు భార్యకు గట్టిగా జెప్పెను.

“ఆరీదాకా ఎవుల్నీ సెయ్యెట్టనీకు. నువ్వూ ఎట్టకు. కోడిపిల్లలొస్తే తోలు. పొద్దుగూకినాక గట్టిపడతాది.”

“నాకెందుకు? నాను ముట్టను. నువ్వెల్లు.”

వారమునుండి యతడు టీదుకాణమువంక బోలేదు. తోడిడ్రైవర్ల చూపులకు జంకి తప్పించుకొని తిరుగుచుండెను. ఆ సాయంకాలము ముఖము గడుగుకొని ఉతికినచొక్కా తొడిగి చేతులూపుకొనుచు బోయెను. అచ్చట హేమసుందరుడు తన కారును దుడుచుకొనుచుండెను. పోలినాయుని జూచి పలకరించెను.

“ఏటి బావూ, రేపు నన్ను రమ్మంటావా వొద్దంటావా? మేడంగోరు నాకూ ఓ మాట సెప్పుంచినారు.”

“అక్కర్లేదురా. ఎండెక్కీదాకా పడుకో.”

చుట్టునున్నవారు నవ్విరి. హేమసుందరుడును నవ్వుచు “అయితే టీ నీదే” అనెను. పోలినాయు డందఱకును దేనీరు పోయించెను. మనుష్యుడు సుఖముగా నుండు ముహూర్తము ఎంత చిన్నదైనను దానివెనుక నెవ్వరో యేదియో సిద్ధముచేయుచునే యుందురని యాతడెఱుగడు. ఎఱిగిన మాత్రమున నేమి చేయగలడు?

ఇంటికడ నాదెమ్మ గడపలో గూర్చుండి కారు వంక చూచుచుండెను. రాయి లోయలో బడిన సంగతి భర్త యామెకు జెప్పలేదు. కూరలసంతలో బంతులమ్మలలో నొకతె కనబడి “మీ ఆయన చెప్పలేదా?” అని యంతయు జెప్పెను. నాటినుండియు నామెకు నిద్రలేదు. అన్నము వండుచున్నను బట్టలుతుకుచున్నను ఆ రాయి యామె చెవులలో దొర్లుచునేయుండెను. దీపము బాగుపడగనే యా సద్దు నిలుచునని తలచినది. నిలువలేదు. పైపెచ్చు నింతమంది కన్నులు దానిమీద బడినవి. పులికన్నన్నారు. అదృష్టమన్నారు.

ఆమె లారీడ్రైవరు కూతురు. పుట్టినింట నొక యాచారముండెడిది. తండ్రి దూరదేశమునకు బండి గట్టునపు డెల్ల తల్లి కర్పూరము వెలిగించి పళ్ళెమును బండిదీపమునకు మిక్కిలి దగ్గఱగా బట్టి దాని గాజుమీద మసి వలయముగా నేర్పడువఱకు దీయక నిలిచెడిది. ఆ మసియే బండికి దిష్టిచుక్క. దానిని దుడువరాదు. అది త్రోవలో వానకో గాలికో తనంతట బోవలెను. తల్లి పోయినపిదప జిన్నదైన యాదెమ్మయే యా పని చేసెడిది. కోరాపుట్టుకు బోయిన తండ్రి తిరిగివచ్చెను. రాయపూరునకు బోయిన తండ్రి తిరిగివచ్చెను. పట్టిన ప్రతిసారియు దిరిగివచ్చి తుదకు దన మంచముమీదనే కన్నుమూసిన తండ్రికంటె గొప్ప సాక్ష్య మామెకు వలదు. ఆ కాలపు దీపములు బొటనవ్రేలంత మందముగల గాజువి. వానికి నిప్పు చుట్టమువంటిది. ఇప్పటి దీపములు దేనితో జేయబడుచున్నవో యామెకు జెప్పినవారెవ్వరు? ఆరని క్లియరుపూత నిప్పుజూచిన నేమగునో చెప్పినవారెవ్వరు? డబ్బామీద వ్రాసియున్నదట. ఎవని భాషలో?

సూర్యుడు కొండలవెనుకకు జాఱుచుండగా నామె తలస్నానముజేసి తడికొప్పు ముడిచి యిత్తడిపళ్ళెమున గర్పూరముంచి వెలిగించెను. కారునకు మ్రొక్కెను. ఎడమదీపమునకు దొలుత జూపెను. దానిపై జిన్నమసి యేర్పడెను. కుడిదీపము చేరువకు వచ్చి భర్తమాట జ్ఞాపకము దెచ్చుకొని రెండవచేతిని వెనుకకు ముడిచికొని ముట్టకుండ వంగి పళ్ళెమును దాపునకు జేర్చెను. “నా మావ పోయిన దారిన తిరిగి రావాల తల్లీ” అని గొణుగుకొనెను.

నీలిమంట యొక్కటి లేచి దీపము నెల్ల నొక్కత్రుటిలో నాకెను. ఆదెమ్మ పళ్ళెమును విసరివైచి వట్టియరచేతులతో దానిపై గొట్టెను. కూర్మయ్య తన కంబళిని దెచ్చి మంటమీద వైచి యదిమెను. అది యంతలోనే యాఱెను. మంట చేయవలసిన పనికి నంతకాలము చాలును. కంబళి దీసి చూడగా దీపముఖము పొంగి ముడుతలుపడి గోధుమవన్నె దాల్చి నడుమ వ్రేలుపట్టునంత రంధ్రముగలదై చుట్టునున్న రంగును గూడ బొబ్బలెక్కించుకొని యుండెను. పగలంతయు రుద్దితెచ్చిన తేటదనము జాడయైనను లేదు.

పోలినాయుడు వీధిమలుపులోనే వాసనను బట్టెను. ఇంటిముందు మనుష్యులు నిలిచియుండిరి. అతడు రాగానే యందఱును దారి యిచ్చిరి. చావింట దారి యిచ్చునట్లిచ్చిరి. అతడు దీపమును జూచెను. పళ్ళెమును జూచెను. భార్యను జూచెను. ఆమె రెండుచేతులను బమిటలో దాచుకొని గోడకు జేరగిలి నిలుచుండెను.

“నాను సెయ్యెట్టలేదు మావా. నువ్వు వొద్దన్నావని ముట్టనైనా ముట్టలేదు. హారతిచ్చినాను, అంతే. మా అయ్య బండికిచ్చినట్టే ఇచ్చినాను.”

పోలినాయుడు నోరు తెఱచెను. కేకవేయవలెనని యతని రొమ్ములో నంతయు సిద్ధమై యుండెను. ఎవరిమీద? ఆమె తన ప్రాణముకొఱకు జేసినది. దుకాణదారు తనకు దెలిసినది చెప్పెను. కూర్మయ్య మెచ్చికొనెను. తానా, రుద్దుమన్నట్లు రుద్దెను. మనసార దిట్టుటకు దగిన శత్రువొకడు దొరకుటయు భాగ్యవంతులకే కాని యందఱికి లేదు. తెఱచిన నోటినుండి తుదకు వచ్చిన మాట యిది:

“సెయ్యి సూపించు.”

ఆమె చూపించెను. అరచేతులు బొబ్బలెక్కి యెఱ్ఱనై యుండెను. అతడు లోనికి బోయి కొబ్బరినూనెసీసా తెచ్చి గడపలో గూర్చుండబెట్టి వ్రేలికొనతో బూయసాగెను. వీధిలోనివారు మెల్లగా జెదరిపోయిరి. చాలసేపటికి నామె యడిగెను.

“రాయి లోయలో పడినాదని నాకెందుకు సెప్పలేదు?”

“సెప్తే ఏటి సేస్తువు?”

ఆమె యాలోచించెను. అబద్ధ మామెకు జేతకాదు.

“హారతే ఇద్దును.”

అతడు నవ్వబోయి నవ్వలేక నూనెసీసాకు మూత బిగించెను.

కూర్మయ్య కాలిన కంబళిని మడతవైచి చంకబెట్టుకొని వచ్చి ప్రక్కన గూర్చుండెను. పరిహాసమంతయు నాతని ముఖమునుండి తుడిచికొనిపోయినది.

“బావా, ఒక మాట సెప్తాను, ఇను. పొద్దుటేల మంచులో నీ లైటెవులు సూస్తారు? ఆళ్ళెక్కినకాడినుంచీ కునుకుతారు. ఎడందున్నాది కదా. బాగయిపోనాదని సెప్పీసి ఎల్లిపో. మెల్లగా తోలుకో. ఓ వారం నెట్టుకొస్తే ఏదో దారి దొరుకుతాది.”

ఆ మాట చెడ్డవాని మాట గాదు. ఆకలి నెఱిగినవాని మాట. పోలినాయుడు లేచి కారులో గూర్చుండి దీపములను వెలిగించెను. ఎడమదీపపు వెలుగు ఎదుటిగోడమీద జక్కగా బడెను. కుడిదాని వెలుగు కాలిన ముడుతలలో జిక్కుకొని చింతపండుపులుసువంటి మఱకయై చక్రము ముందే నేలమీద గారిపడియుండెను. ఆ మఱకకు నావల నేమున్నదో తెలియదు. అతడు కన్నులు మూసికొనెను. చెట్లను విఱుచుచు దొర్లు రాతిసద్దు వినబడెను. అది నాటివలెనే యెంతకును దుదముట్టలేదు. కారులో వెనుకసీటునందు గునుకుచున్నవారు తనను నమ్మి కునుకుచున్నవారని యతని కపుడు తోచెను. దీపము లార్పి చొక్కాజేబునుండి ఫోను దీసెను.

“ఏటి బావూ, పడుకోమన్నావు కదా?” అని హేమసుందరుడు అవతలనుండి నవ్వెను.

“పడుకోకురా. కోడికూతకి బైపాసుకాడికి రా. మేడంగోరోల్ని నువ్వు తీసుకెల్లాల.”

“లైటు బాగయిపోనాదన్నావు?”

“అయినాది. మల్లీ పోనాది.”

 హేమసుందరుడు నవ్వు మాని యడిగెను. “ఈ ఒక్కరోజుకా బావూ, రోజూనా?”

“ఆళ్ళనడుగు.”

మఱునాటి వేకువను పోలినాయుడు కారు దీసికొని కూడలికి బోవుటకు లేచెను. పంతులమ్మల వస్తువులు కారులోనే యుండుటచే వాని నప్పగింపవలసియుండెను. ఆదెమ్మ తానును వత్తుననెను. వలదనుటకు గారణము దొరకలేదు. ఇంటినుండి కూడలివఱకు నా కొంచెపు త్రోవను ఎడ్లబండి నడిపించినట్లు మెల్లగా నడిపించుకొని పోయెను.

మంచు స్తంభదీపముల చుట్టు దూదివలె జుట్టుకొనియుండెను. హేమసుందరుని కారు ముందే వచ్చి నిలిచియుండెను. దాని తెల్లని తీక్ష్ణకాంతి మంచును జీల్చుకొని చాలదూరము బోవుచుండెను. పంతులమ్మలు శాలువలు గప్పుకొని వచ్చి రెండుకార్లను జూచి యించుక తడబడిరి. పోలినాయుడు చేతులు గట్టుకొని చెప్పెను.

“లైటు కుదర్లేదండి మేడంగోరూ. ఈడితో ఎల్లండి. బాగా తోల్తాడు.”

కుసుమకుమారి వంగి యా కాలిన దీపమును జూచెను. ప్రక్కన గుడ్డచుట్టిన చేతులతో నిలుచున్న ఆదెమ్మను జూచెను. అడుగబోయి మానుకొనెను.

“ముందే చెప్పారు, మంచి పని చేశారు నాయుడు గారూ. లైటు బాగయ్యాక కబురు చేయండి. తప్పకుండా చూద్దాం.”

ఆమె మనస్సులో నదియే యుండెను. కపటము లేదు. కాని వెంటనే యామె వెనుకతలుపు దెఱచి తన నడుముక్రింద బెట్టుకొను దిండును దీసికొనెను. వేఱొకతె గొడుగును దీసికొనెను. ఇంకొకతె సీటుజేబులోనుండి దువ్వెనను, దగ్గుబిళ్ళల పొట్లమును దీసికొని యేమైన మఱచితినా యని చేతితో దడవి చూచెను. అందఱికంటె జిన్నదగు టీచరు అద్దమునకు దానే కట్టిన పూసలదండను విప్పబోయి ముడి రాక “ఉండనీండి అంకుల్” అని సిగ్గుపడి దిగిపోయెను. ఏండ్లతరబడి యొక్కొక్కటిగా వచ్చి చేరిన వస్తువులు ఒక్కగ్రుక్కలో వెడలిపోయెను. సీటుమీద దిండున్నచోట రంగుచెడని నీలపుగుడ్డ చదరముగా మిగిలియుండెను.

హేమసుందరుడు కారెక్కుచు బోలినాయునివైపు జూచి యేదియో యనబోయెను. పోలినాయుడు చేయి విసరి “ఎల్లు, టైమైపోతాది. వంకరమలుపుకాడ హారనుకొట్టు. కుడిపక్క గట్టురాయి లేదు” అనెను. ఆ కారు కదలి మలుపుదిరిగి కొండత్రోవ పట్టెను. దాని వెలుగు తొలిమలుపున గానవచ్చెను. మలిమలుపున గానవచ్చెను. ఆపై మంచులో దెల్లనిమచ్చయై యాపై మంచే యై పోయెను. కొండమీద నెచ్చటనో బాలికలు ప్రార్థనకు లేచుచుందురు. వారికి బాఠములు చెప్పువారు క్షేమముగా బోయి చేరుదురు. పోలినాయుడు కోరినది యిదియే. కోరినది జరుగుటవలన గూడ మనుష్యుడు సర్వము గోల్పోవచ్చునని యతని కెవ్వరును జెప్పియుండలేదు.

“ఇంటికెల్దాం రా” అని యతడు స్టీరింగు ముందు గూర్చుండెను. ఆదెమ్మ ముందుసీటులో గూర్చుండక వెనుకతలుపు దెఱచికొని అతని వెనుకభాగమున గుడికిటికీ చెంత గూర్చుండెను. అద్దము దింపెను. చలిగాలి లోనికి గొట్టెను. కారు కదలగానే యామె కుడికిటికీలోనుండి తల బయటికి బెట్టి మంచులోనికి గన్నులు పొడుచుకొని చూచుచు జెప్పనారంభించెను.

“ఈపక్క కాలవున్నాది మావా, దగ్గిరికెల్లకు... ఏదో సైకిలొస్తన్నాది, ఆగు... ఇప్పుడెల్లు... రాయున్నాది, రాయి... కొంచెం ఎడమకి... ఆఁ, ఎల్లు.”

అది యతడు చిన్ననాటినుండి నడచిన త్రోవ. కాలువ యెచ్చటనున్నదో రాయి యెచ్చటనున్నదో కన్నులు గట్టినను జెప్పగలడు. అయినను వలదనలేదు. ఆమె ఆగుమన్నచోట నాగెను. ఎడమకు దిరుగుమన్నచోట నెడమకు ద్రిప్పెను. కొప్పు మంచునకు దడియుచుండగా గుడ్డచుట్టిన చేతులతో గిటికీయంచును బట్టుకొని ఆమె చెప్పుచునేయుండెను. కారు నడకకంటె మెల్లగా నా తెల్లని శూన్యములో ముందునకు బోవుచునేయుండెను.